వంటింటి నీలిమంట

మానవుడు నిప్పును వశపరచుకొన్న నాటి నుంచి పొయ్యి అతని ఇంటికి కేంద్రమైంది. తెలుగు పల్లెలలో నిన్న మొన్నటి వరకు మట్టితో అలికి ముగ్గుపెట్టిన కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, ఊక పొయ్యి, రంపపు పొట్టు పొయ్యి, ఆ తరువాత వత్తుల కిరసనాయిలు స్టవ్వు వరుసగా వంటింటిని ఏలాయి. ఆ పొయ్యిల ముందు కూర్చొని, ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్ళు మండి, పొగ మింగి బతికిన తల్లుల కష్టానికి లెక్క లేదు. ద్రవీకృత పెట్రోలియం వాయువు, అంటే మనం వాడుకలో వంటగ్యాసు అని పిలుచుకొనే ఇంధనం, 1955లో బొంబాయిలో మన దేశపు వంటిళ్ళలోకి తొలి అడుగు పెట్టింది. చాలాకాలం పాటు అది పట్టణవాసుల సౌకర్యంగానే ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో ప్రారంభించిన దీపం పథకం, కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ఉజ్జ్వల పథకం దానిని పల్లెటూరి పూరింటి దాకా తీసుకొనివచ్చాయి. పొగ పోయింది. అది సామాన్యమైన మేలు కాదు.

అయితే పాత పొయ్యికి ఒక సుగుణం ఉండేది. అది తన స్థితిని దాచుకొనేది కాదు. కట్టె ఆరితే పొగ లేచేది. నిప్పు మిగిలితే బూడిద కింద ఎర్రగా కనిపించేది. చెంబెడు నీళ్ళు చల్లితే ఆ పూటకు దాని కథ ముగిసేది. ఇంధనం కంటి ఎదుట మోపుగా పడి ఉండేది. గ్యాసు పొయ్యి విషయం అట్లా కాదు. ఇక్కడ మంట ఆరిపోయినంత మాత్రాన ఇంధనం ఆగిపోదు. మంట కనిపించినంతసేపూ మనకు మిత్రంగా ఉన్న వాయువు, మంట ఆరిన క్షణం నుంచి కంటికి కనిపించకుండా గదిలో నిండడం మొదలుపెడుతుంది. గ్యాసు పొయ్యి మనకు చేసే అపకారంలో అధికభాగం మంట మండుతున్నప్పుడు కాక, ఆరిపోయి ఉన్నప్పుడే మొదలవుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. దానిని గ్రహించాలంటే ముందుగా ఆ వాయువు స్వభావాన్ని తెలుసుకోవాలి.

వంటగ్యాసు ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు హైడ్రోకార్బన్ల మిశ్రమం. సాధారణ వాతావరణ పీడనం వద్ద ప్రొపేన్ సున్నాకు దిగువన 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గర మరుగుతాయి. కనుక మన వాతావరణంలో ఇవి వాయువులే. కాని పీడనం కలిగిస్తే సులువుగా ద్రవరూపం దాలుస్తాయి. మన ఇళ్ళకు వచ్చే ఎర్రని సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. అది లోపల సుమారు 26 లీటర్ల ద్రవం. ఈ ద్రవం వాయువుగా మారితే దాదాపు 250 రెట్లు వ్యాకోచిస్తుంది. అంటే ఒక పెద్ద బిందెడు, బిందెన్నర ద్రవంలో ఆరు వేల లీటర్లకు పైబడిన వాయువు ముడుచుకొని కూర్చున్నదన్నమాట. సిలిండరును పూర్తిగా నింపకుండా పైన కొంత ఖాళీ విడిచిపెట్టడానికి కారణం, వేడికి ద్రవం వ్యాకోచించినప్పుడు దానికి చోటు కావాలి కనుక. సిలిండరును పొయ్యి సెగ తగిలే చోట గాని, ఎండలో గాని ఉంచరాదనడం కూడా ఇందువల్లనే.

సిలిండరు తలపై ఉన్న వాల్వు తనంత తానే మూసుకొనే ఏర్పాటు గలది. రెగ్యులేటరును బిగించినప్పుడు మాత్రమే దానిలోని చిన్న పిన్ను కిందికి నొక్కుకొని గ్యాసుకు దారి ఇస్తుంది. రెగ్యులేటరు తీయగానే పిన్ను పైకి లేచి దారి మూసుకొంటుంది. లోపలి అధిక పీడనాన్ని తగ్గించి, పొయ్యికి తగినంత మెల్లగా, నిలకడగా గ్యాసును పంపడం రెగ్యులేటరు పని. ఇంతటి చక్కని ఏర్పాటు ఉన్నప్పటికీ ప్రమాదాలు జరుగుతున్నాయంటే, లోపం ఈ వాల్వుకూ పొయ్యికీ మధ్య ఉన్న గొట్టంలో గాని, పొయ్యికీ మనిషికీ మధ్య ఉన్న అలవాట్లలో గాని వెతకాలి.

ఈ వాయువుకు స్వతహాగా రంగు లేదు, చెప్పుకోదగిన వాసన కూడా లేదు. మనకు తెలిసిన ఆ దుర్వాసన దానిది కాదు. కుళ్ళిన క్యాబేజీని తలపించే వాసన గల ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక రసాయనాన్ని బహుస్వల్ప పరిమాణంలో దానికి కావాలనే కలుపుతారు. గాలిలో గ్యాసు అంటుకొనే స్థాయికి చేరడానికి చాలా ముందే ముక్కు దానిని పసిగట్టగలగాలన్నది ఉద్దేశం. ఆ వాసన మన మేలు కోరి పెట్టిన కావలివాడు. కాని ఈ కావలివానికి ఒక బలహీనత ఉంది. ఒకే వాసనను అదేపనిగా పీలుస్తుంటే కొంతసేపటికి ముక్కు దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది. అందుచేత వంటింట్లోనే గంటసేపు మెలగుతున్న తల్లికి తెలియని వాసన, కళాశాల నుంచి అప్పుడే ఇంటికి వచ్చిన కుమారునికి గుమ్మంలోనే తెలుస్తుంది. "నాకేమీ రావడం లేదే" అని ఆమె అన్నా, బయటి నుంచి వచ్చినవారి ముక్కునే నమ్మడం మంచిది. జలుబు చేసినవారి మాట చెప్పనే అక్కరలేదు.

దీని రెండో స్వభావం బరువు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ దాదాపు రెండు రెట్లు బరువు. కాబట్టి వెలువడిన గ్యాసు పైకి లేచి కిటికీ గుండా పోదు. నీటి వలె నేలకు దిగి, గచ్చు మీద పరుచుకొని, గట్టు కింద అరలలో, మంచం కింద, తూములో, పల్లపు గదిలో మడుగు కడుతుంది. భూమట్టానికి దిగువన ఉన్న గదులలో సిలిండరు ఉంచరాదన్న నియమానికి మూలం ఇదే. హైదరాబాదు, విజయవాడ, కాకినాడ వంటి నగరాలలో కొన్ని ఇళ్ళకు గొట్టాల ద్వారా అందే సహజవాయువు ఇందుకు భిన్నమైనది. అది ముఖ్యంగా మీథేన్ కావడం వల్ల గాలి కంటే తేలిక. పైకి లేచి కప్పు కింద చేరుతుంది. ఒకదానికి నేల మట్టాన, మరొకదానికి కప్పు దగ్గర గాలిదారి అవసరం.

గాలిలో వంటగ్యాసు సుమారు రెండు శాతం నుంచి తొమ్మిది శాతం వరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. రెండు శాతమంటే చాలా ఎక్కువ కదా, గది అంతా నిండడానికి ఎంతసేపు పడుతుందో అనిపించవచ్చు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల వంటింట్లో దాదాపు 22,600 లీటర్ల గాలి ఉంటుంది. అందులో రెండు శాతం 450 లీటర్లు. ఒక బర్నరు పెద్దమంట మీద గంటకు సుమారు 60 లీటర్ల గ్యాసును వాడుతుంది. వెలిగించకుండా వదిలిన బర్నరు ఆ 450 లీటర్లను నింపడానికి ఏడు గంటలకు పైగా పట్టాలి. కాని గ్యాసు గది అంతా సమంగా పరుచుకోదని చెప్పుకొన్నాం. అది నేల మీద అడుగు మందాన పేరుకొన్నదనుకుంటే, 45 లీటర్లు చాలు. అంటే ముప్పావుగంట. తలుపులు బిగించిన గదిలో, ముక్కు ఎత్తున పెద్దగా వాసన తెలియక ముందే, పాదాల దగ్గర ప్రమాదం సిద్ధమై ఉండవచ్చు.

ఆ ముప్పావుగంట ఎట్లా గడుస్తుందో మన ఇళ్ళలో అందరికీ తెలిసిన ఒక సన్నివేశాన్ని చూస్తే బోధపడుతుంది. పాలు పొయ్యి మీద పెట్టి సిమ్‌లో ఉంచుతారు. ఎవరో వీధి గుమ్మంలో పిలుస్తారు, లేదా టెలిఫోను మోగుతుంది. పాలు పొంగి బర్నరు మీద పడి మంట ఆరిపోతుంది. తిరిగి వచ్చినవారు పాలు పొంగిపోయినందుకు నొచ్చుకొని, గిన్నె దించి, గట్టు తుడిచి, వెంటనే లైటరు నొక్కుతారు. నాబ్ అంతసేపూ తెరిచే ఉన్నదన్న ఆలోచన రాదు. పలుమార్లు ఏమీ జరగదు. అందుకే అది అలవాటుగా మారుతుంది. మంట ఆరితే గ్యాసును తనంతట తానే ఆపే ఏర్పాటు కొన్ని పొయ్యిలకు ఉన్నా, మన ఇళ్ళలో చాలా పొయ్యిలకు లేదు. కిటికీ గాలికి, పంకా గాలికి సిమ్‌లోని సన్నని మంట ఆరిపోవడమూ ఇటువంటిదే. పాలు పొంగితే మొదట చేయవలసిన పని గట్టు తుడవడం కాదు, నాబ్ కట్టివేయడం. తరువాత తలుపులు తెరిచి, వాసన పూర్తిగా పోయిన మీదటనే మళ్ళీ వెలిగించాలి.

ఇంతకంటె కఠినమైన సందర్భం మరొకటి ఉంది. ఊరికి వెళ్ళి రాత్రివేళ ఇంటికి తిరిగి వచ్చాం. తాళం తీసి చీకటిలో లోపలికి అడుగుపెట్టాం. మన చేయి ఎవరూ చెప్పకుండానే గోడ మీది స్విచ్చి వైపు వెళుతుంది. స్విచ్చి వేసినప్పుడూ, తీసినప్పుడూ కూడా లోపల కంటికి కనిపించనంత చిన్న విద్యుత్ రవ్వ పుడుతుంది. గ్యాసు అంటుకోవడానికి ఆ రవ్వ చాలు. కరెంటు లేనివేళ అయితే ఆ చేయి అగ్గిపెట్టె కోసం వెతుకుతుంది. కనుక మూసి ఉంచిన ఇంటి తలుపు తీసిన తరువాత గుమ్మంలోనే ఒక్క క్షణం నిలబడి వాసన చూడడం నేర్చుకోవాలి. వాసన తగిలితే దీపం వద్దు, పంకా వద్దు. గ్యాసును బయటికి తరిమివేయాలని పంకా వేయాలనిపించడం సహజం. కాని ఆ సహజమైన ఆలోచనే ఇక్కడ శత్రువు. వెలుగుతున్న దీపాన్ని ఆర్పడం కూడా పొరపాటే, ఆర్పడానికి నొక్కేదీ ఆ స్విచ్చే కదా. వంటింట్లోనే ఫ్రిజ్ ఉన్నచోట మరొక చిక్కు. అది మనం ముట్టుకోకుండానే తనంత తాను ఆగి మొదలవుతూ ఉంటుంది. ఇంటి మెయిన్ స్విచ్చి బయట, గ్యాసు చేరని చోట ఉంటే దానిని కట్టివేయవచ్చు. లోపలే ఉంటే దాని జోలికి పోకూడదు.

అప్పుడు చేయవలసిన పనుల క్రమం ఇది. పొయ్యి నాబ్‌లు, రెగ్యులేటరు కట్టివేయాలి. దేవుని గూటిలో దీపం, అగరువత్తి వెలుగుతుంటే వాటిని ఆర్పాలి. మన ఇళ్ళలో దేవుని గూడు తరచు వంటింటిలోనే ఉంటుంది కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. నేల మట్టానికి దిగే తలుపులను ముందు తెరిస్తే మంచిది, గ్యాసు ఉన్నది అక్కడే. ఆ పైన ఇంటిల్లిపాదీ బయటికి వచ్చి, బయటి నుంచే ఫోను చేయాలి. వంటగ్యాసు లీకుల కోసం 1906 అనే అత్యవసర సంఖ్య దేశమంతటా ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. మంటలు లేస్తే అగ్నిమాపక దళానికి 101. రెగ్యులేటరు కట్టినా సిలిండరు తల దగ్గర బుసబుసమని చప్పుడు వినిపిస్తుంటే, రెగ్యులేటరును తీసి, దారంతో వేలాడుతున్న సేఫ్టీ క్యాపును వాల్వుపై గట్టిగా బిగించి, సిలిండరును నిలువుగానే బయట ఆరుబయలులోకి చేర్చాలి. గ్యాసు వెలువడుతున్న చోట మంట అప్పటికే అంటుకొని, రెగ్యులేటరు చేతికి అందకపోతే వీరత్వం చూపరాదు. అందరినీ ఖాళీ చేయించడమే కర్తవ్యం.

ఇక ఇవేవీ రాకుండా చూసుకొనే ఉపాయాలు చాలా సామాన్యమైనవి. సిలిండరు ఎల్లప్పుడు నిలువుగా, పొయ్యి దాని కంటె ఎత్తున గట్టు మీద ఉండాలి. రాత్రి పడుకోబోయే ముందు, ఇల్లు వదిలి వెళ్ళే ముందు పొయ్యి నాబ్‌తో సరిపెట్టక రెగ్యులేటరును కూడా కట్టాలి. అట్లా కడితే గొట్టానికి చిల్లి పడినా రాత్రంతా వెలువడడానికి దానిలో గ్యాసు ఉండదు. ఈ ఒక్క అలవాటు ఎన్నో లోపాలను కప్పిపుచ్చుతుంది. అయినా ఎక్కువ ఇళ్ళలో దీనినే "ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని నిర్లక్ష్యం చేయడం విచారకరం. రబ్బరు గొట్టం ఐ.ఎస్.ఐ. ముద్ర గలదై, లోపల ఉక్కు తీగల అల్లిక ఉన్న నారింజ రంగుదై ఉండాలి. దాని పొడవు మీటరున్నరకు మించకూడదు. ఐదేళ్ళకు ఒకసారి దానిని మార్చాలి. చూడడానికి బాగుంటుందని దానిపై గుడ్డ గాని, ప్లాస్టిక్ తొడుగు గాని కప్పితే, ఎలుక కొరికిన గంటు, ఎండి పగిలిన బీట కనిపించకుండా పోతాయి. అనుమానం వచ్చినచోట సబ్బు నురుగు పూసి బుడగలు లేస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి లీకు వెతికేవారు ఈనాటికీ ఉన్నారు. వారి ధైర్యాన్ని మెచ్చుకోలేం.

మంట రంగు కూడా ఒక భాషే. గాలి తగినంత కలిసినప్పుడు మంట నీలంగా, నిలకడగా ఉంటుంది. పసుపురంగుకు తిరిగి, గిన్నెల అడుగున మసి పడుతున్నదంటే బర్నరు రంధ్రాలు పూడిపోయాయనో, గదిలో గాలి చాలడం లేదనో అర్థం. అటువంటి అసంపూర్ణ దహనంలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి ఎవరూ వాసన కలపలేదు. తలనొప్పి, మగత తప్ప అది వేరే హెచ్చరిక ఇవ్వదు. పై చదువులకో, శిక్షణకో నగరాలకు వెళ్ళి నలుగురు కలిసి ఒకే గదిని అద్దెకు తీసుకొని వండుకొనే విద్యార్థులకు ఈ సంగతి మరింత వర్తిస్తుంది. వండేదీ, చదివేదీ, పడుకొనేదీ ఆ గదిలోనే. చలికాలంలో కిటికీ బిగించి పొయ్యి వెలిగించి వెచ్చదనం కోసం కూర్చోవడం ప్రాణాంతకం. పెద్ద సిలిండరు నుంచి చిన్నదానిలోకి గ్యాసును అనధికారికంగా నింపి ఇచ్చే దుకాణాల పొయ్యిలు చౌకగా దొరుకుతాయన్న ఆశ కూడా అటువంటిదే. అధీకృత పంపిణీదారుల వద్ద ఐదు కిలోల సిలిండర్లు లభిస్తున్నాయి.

మంట దగ్గర మెలగేటప్పుడు నూలు బట్టలు శ్రేయస్కరం. సింథటిక్ బట్ట అంటుకొంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. చీర కొంగును నడుముకు దోపుకోవాలి, చున్నీని వెనుకకు ముడివేసుకోవాలి. వేడి గిన్నెను కొంగుతో దించే అలవాటు మాని పట్టకారు వాడాలి. దుస్తులు అంటుకొంటే పరుగెత్తరాదు. గాలికి మంట పెరుగుతుంది. నేల మీద పడి దొర్లాలి, లేదా పక్కవారు మందపాటి దుప్పటి కప్పాలి. బాణలిలో నూనె అంటుకొంటే నీళ్ళు పోయడం మహాప్రమాదం. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెను నలుదిక్కులకూ చిమ్ముతుంది. పొయ్యి కట్టి, బాణలిపై మూత పెడితే గాలి అందక మంట అదే ఆరుతుంది. కాలిన చోట ఇరవై నిమిషాల పాటు కుళాయి నీరు ధారగా పోయాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీయాలి. సిరా, పసుపు, టూత్‌పేస్టు పూయడం వల్ల గాయం చెడుతుందే కాని మానదు. గాయం పెద్దదైతే శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

చివరగా సిలిండరు మార్చే రోజు. గ్యాసు అయిపోవచ్చి మంట సన్నగిల్లినప్పుడు, ఆ పూటకు వంట గట్టెక్కించాలని సిలిండరును పడుకోబెట్టడం, కుదపడం, వేడినీళ్ళ తొట్టిలో నిలబెట్టడం మన ఇళ్ళలో కనిపించే వింతలు. పడుకోబెట్టిన సిలిండరు నుంచి వాయువుకు బదులు ద్రవమే రెగ్యులేటరులోకి, గొట్టంలోకి ప్రవేశించవచ్చు. అప్పుడు మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది. రెండు పూటల వంటగ్యాసు కోసం అంత సాహసం అవసరం లేదు. కొత్త సిలిండరు ఇంటికి వచ్చినప్పుడు, తెచ్చినవారు వెళ్ళకముందే దాని సీలును, బరువును చూసుకోవాలి. తల చుట్టూ ఉండే నిలువు పట్టీల మీద ఖాళీ సిలిండరు బరువు ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలపాలి. అదే పట్టీల మీద ఒక అక్షరం, ఒక సంఖ్య కూడా రాసి ఉంటాయి. ఎ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. 'డి-29' అని ఉంటే 2029 డిసెంబరు లోపల దానిని మళ్ళీ పరీక్షించాలన్నమాట. ఆ గడువు దాటినదానిని తిప్పి పంపే హక్కు వినియోగదారునికి ఉంది. క్యాపు తీసి, లోపలి రబ్బరు వాషరు ఉన్నదీ లేనిదీ వేలితో కాక కంటితో చూసి, రెగ్యులేటరు బిగించి, సబ్బు నురుగుతో ఒకసారి పరీక్షించాలి. ఇదంతా జరుగుతున్నంతసేపు ఇంట్లో ఎక్కడా మంట ఉండరాదు. ఆ తరువాత పొయ్యి వెలిగించేటప్పుడు అగ్గిపుల్ల గీసి బర్నరు దగ్గర పట్టుకొన్న మీదటనే నాబ్ తిప్పాలి. నాబ్ తిప్పి అగ్గిపెట్టె కోసం వెతకకూడదు.